ఒకే తీగ మీద మాటా, కాగితమూ

ఫ్యాక్స్ వయసులో టెలిఫోన్ కంటే పెద్దదంటే మా క్లాసులో ఎవరూ నమ్మలేదు. కానీ నిజం. స్కాట్లండ్ వాడైన అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. బెల్ టెలిఫోన్ వచ్చింది 1876లో. ఇక 1980లో అన్ని దేశాలకూ ఒకే పద్ధతి కుదిరాక ఒక పేజీ సుమారు నిమిషంలో వెళ్ళసాగింది.

మన దేశంలో అప్పట్లో ఒక్క ఫోను కనెక్షన్ కోసమే ఏళ్ళ తరబడి కాచుకోవాలి. ఫ్యాక్సుకని రెండో లైను ఎక్కడినుంచి వస్తుంది? అందుకే వేలూరు, గుడియాత్తం బూతుల్లో, లుంగీ వ్యాపారుల కొట్లలో రెండూ ఒకే లైను మీద నడిచేవి.

గంట మోగితే వచ్చేది మాటా, కాగితమా? రిసీవర్ ఎత్తి వినాలి. మూడు సెకన్లకోసారి చిన్న కూత వినబడితే ఫ్యాక్స్. అది 1100 హెర్ట్జ్ కూత. వెంటనే స్టార్ట్ నొక్కితే మన మిషన్ 2100 హెర్ట్జ్ కూతతో జవాబిస్తుంది. కొందరు ముందు మాట్లాడి, "ఫ్యాక్స్ టోన్ ఇవ్వండి" అనేవారు. ఆ కూతను తానే గుర్తుపట్టే స్విచ్ తర్వాత వచ్చింది. అదున్నా సరే, పేజీ వస్తుండగా పక్క గదిలో ఎవరైనా ఇంకో రిసీవర్ ఎత్తారంటే కాగితం పాడే!

మా తాతయ్య దగ్గర లుంగీ ఆర్డర్ల ఫ్యాక్సులు ఫైలు నిండా ఉన్నాయి. వేడికి నల్లబడే కాగితం కదా, అక్షరాలు మాసిపోయి చాలావరకు తెల్లగా అయిపోయాయి. అప్పుడే జెరాక్స్ తీసి పెట్టినవి మాత్రం చదవవచ్చు. వాటిని నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను.