బ్రెడ్ పొంగలేదా? ఈ కథ వినండి

పోయిన ఆదివారం జీవితంలో మొదటిసారి ఇంట్లో బ్రెడ్ చేశాను. చేశాను అంటే... ఇటుక చేశాను అనాలి. కత్తి దిగలేదు.

రెసిపీలో గోరువెచ్చటి నీళ్లు అని ఉంది. ఎంత గోరువెచ్చగా? చల్లారిపోతే పొంగదేమో అని భయమేసి, పొగలొచ్చే నీళ్లలో ఈస్ట్ వేసేశాను. గంటసేపు మూత పెట్టమంటే పెట్టాను. పిండి ఉన్నది ఉన్నట్టే ఉంది. అయినా గంట అయిపోయింది కదా అని ఓవెన్‌లో పెట్టేశాను.

అమ్మ చూసి ఒక్కటే అడిగింది. "పిండి పొంగకుండానే ఎందుకు పెట్టావురా?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి కూర్చుని ఈస్ట్ చరిత్ర చదివాను.

క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి, ఇటలీలోని పాంపే బూడిదలో కూరుకుపోయింది. 1862లో అక్కడ తవ్వితే ఒక బేకరీ ఓవెన్‌లో 81 రొట్టెలు దొరికాయి, బొగ్గయిపోయి. అదే పేలుడులో చనిపోయిన ప్లినీ అనే రోమన్ రచయిత, అప్పటివాళ్లు పిండి ఎలా పులియబెట్టేవాళ్లో రాసిపెట్టాడు. నిన్నటి పిండి కొంచెం దాచి, ఇవాళ్టి పిండిలో కలపడమే. మనం పాలు తోడుపెట్టినట్టు అన్నమాట.

వీళ్లెవరికీ ఈస్ట్ అంటే ఏంటో తెలీదు. 1680లో లీవెన్‌హుక్ మైక్రోస్కోప్‌లో దాన్ని చూశాడు, కానీ అది జీవి అని గుర్తుపట్టలేదు. 1837 ప్రాంతంలో ముగ్గురు సైంటిస్టులు విడివిడిగా "దీనికి ప్రాణముంది" అన్నారు. 1839లో, లీబిగ్ అనే పెద్ద కెమిస్ట్ నడిపే పత్రికలోనే వాళ్లని ఎగతాళి చేస్తూ ఒక వ్యాసం వచ్చింది. చివరికి 1857 నుంచి లూయీ పాశ్చర్ చేసిన ప్రయోగాలతో తేలింది: పులియడం అంటే ఒక జీవి చేసే పని. ఈస్ట్ చక్కెర తిని గ్యాస్ వదులుతుంది, ఆ గ్యాసే పిండిని పొంగిస్తుంది.

ఆ తర్వాత అది సరుకైంది. 1868లో అమెరికాలోని సిన్సినాటిలో ఫ్లైష్‌మన్ సోదరులు ఈస్ట్‌ని ముద్దగా నొక్కి అమ్మడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రిజ్ లేకపోయినా పాడవకుండా సైనికుల కోసం ఎండు ఈస్ట్ వచ్చింది. మన చేతిలో ఉన్న ప్యాకెట్ దాని వారసురాలే.

ప్యాకెట్ వల్ల సుఖమే. కానీ చూడ్డానికి ఉప్పులా, సోడాలా ఉంటుంది కాబట్టి అందులో ప్రాణముందని మర్చిపోతాం. నేను చేసింది అదే. సుమారు 60 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది. చంపేసి, గంటసేపు దాని కోసం వెయిట్ చేశాను!

నిన్న మళ్లీ ట్రై చేశా. ఈసారి నీళ్లలో వేలు పెట్టి చూసింది అమ్మ. ఈస్ట్, కాస్త చక్కెర వేస్తే పది నిమిషాల్లో నురగొచ్చింది. పిండి రెట్టింపవడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఇడ్లీ పిండి చలికాలంలో లేటుగా పులిస్తే అమ్మ ఏనాడూ గడియారం చూడలేదు, గిన్నె మూత తీసి చూసేది. నేను కూడా అదే చేశా. పైన కొంచెం పగిలింది గానీ, లోపల మెత్తగా వచ్చింది.

కాబట్టి భయపడేవాళ్లకి ఒక్కటే మాట. ఏం జరుగుతుందో తెలియకుండానే మనిషి వేల ఏళ్లు రొట్టె చేసుకున్నాడు, పిండిని చూస్తూ. మీరూ టైమర్ పక్కన పెట్టి పిండిని చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.