కిక్కిసగడ్డిలో స్వదేశి, పరదేశి

కొల్లేటి ప్రాంతమునకు పోయినవారికి కిక్కిసగడ్డి తెలియనిది కాదు. మనిషిని మించిన ఎత్తున, వెదురువంటి కణుపులతో, కొసన కుచ్చువంటి పూలగుత్తితో అది నీటి అంచున గుంపులు గుంపులుగా పెరుగును. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఫ్రాగ్మైటిస్ కర్కా అందురు. ఈ ప్రజాతికే చెందిన మరియొక జాతి ఫ్రాగ్మైటిస్ ఆస్ట్రాలిస్. అంటార్కిటికా తప్ప తక్కిన ఖండములన్నిటను ఇది కలదు. ఉత్తర అమెరికాలో దీనికి విచిత్రమైన చరిత్ర ఒకటి ఉన్నది. ఒక మొక్క తన బంధువు రూపముననే వచ్చి, ఎవరికిని తెలియకుండ బంధువు ఇంటిని ఆక్రమించుకొన్న చరిత్ర అది.

ఈ చరిత్ర బోధపడవలెనన్న మొదట ఈ గడ్డి పెరుగు తీరు తెలియవలెను. పసుపు, అల్లములకు వలెనే దీనికిని భూమిలో కొమ్ము ఉన్నది. కొమ్ము బురదలో అడ్డముగా సాగుచు, కణుపుల వద్ద వేళ్లను దింపి పైకి పిలకలను పంపును. ఒక్క విత్తు నుండి పుట్టిన మొక్క కొన్ని ఏండ్లలో వందలకొలది కాడలు గల పొద యగును. చూచుటకు వేర్వేరు మొక్కలుగా కనబడినను అవి యన్నియు ఒకే మొక్క అంగములు. ఒకే వంశలక్షణములు గల ఇట్టి సంతతిని క్లోను అందురు.

క్లోనులోని కాడలకు ఉమ్మడి కుటుంబములోని వారికి వలె పరస్పర సహాయము కలదు. నీట నానిన బురదలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. లేత కాడలలో ఏర్పడు పీడనము గాలిని కొమ్ములలోనికి నెట్టును. ఆ గాలి పాత కాడల గుండ బయటికి పోవును. అనగా చచ్చి విరిగిన కాడలు సైతము కుటుంబమునకు గాలిగొట్టములుగా ఉపకరించుచున్నవి. రోడ్ ఐలండ్ తీరమున ఉప్పునీటి చిత్తడినేలలలో జరిపి 2000లో ప్రకటించిన పరిశోధన మరియొక సంగతిని చూపినది. మెరకనున్న పొదకును, పల్లమున ఉప్పునీట నిలిచిన పిలకలకును నడుమనున్న కొమ్మును కోసివేసినచో పిలకలు క్షీణించును. పల్లపు పిలకలను బ్రతికించుచున్నది మెరకనున్న పొదయే.

ఇక చరిత్రకు వత్తము. అమెరికా ఈశాన్య తీరపు చిత్తడినేలలను త్రవ్వి చూడగా సుమారు మూడువేల ఏండ్లనాటి ఈ గడ్డి కొమ్ముల ముక్కలు లభించినవి. అచ్చటి ఆదివాసులు దీని కాడలతో బాణములు చేసికొనెడివారు. కాబట్టి ఇది స్వదేశపు మొక్కయే అనుటకు సందేహము లేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇది అచ్చటచ్చట మాత్రమే కనబడు సాధువైన గడ్డి. ఇరువదవ శతాబ్దమున దాని స్వభావము మారినట్లు తోచినది. రోడ్ల ప్రక్క కాలువలలో, ఏటి ముఖములలో, సరస్సుల అంచులలో అది దట్టముగా అల్లుకొని, తక్కిన మొక్కలకు చోటు లేకుండ చేసినది. వేల ఏండ్లు అణగియున్న మొక్క ఇప్పుడేల విజృంభించినది? మానవుడు నేలను కలచివేయుటయు, పొలముల ఎరువులు నీటిలో చేరుటయు కారణమని కొందరు చెప్పిరి. పరదేశపు రకమేదో వచ్చి చేరినదని మరికొందరు శంకించిరి.

ఈ శంకను తీర్చినవి హెర్బేరియములలో భద్రపరచిన ఎండు మొక్కలు. యేల్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన క్రిస్టిన్ సాల్టన్‌స్టాల్ 1910కి పూర్వము సేకరించిన నమూనాలనుండి హరితరేణువుల డి.ఎన్.ఏ.ను తీసి, నేటి మొక్కల డి.ఎన్.ఏ.తో పోల్చి చూచిరి. 2002లో ఆమె ప్రకటించిన ఫలితమిది: అమెరికాకు స్వంతమైన రకములు అనేకము కలవు, కాని నేడు విజృంభించుచున్నది ‘ఎం’ అను గుర్తు గల యూరేషియా రకము. ఓడల రాకపోకల వెంట అట్లాంటిక్ రేవులకు అది వచ్చియుండునని ఊహ. న్యూ ఇంగ్లండు ప్రాంతపు పాత నమూనాలలో స్వదేశ రకములుండగా, నేడు వాని స్థానమును పరదేశ రకము ఆక్రమించినది. జాతి ఒకటే యగుటచే ఈ మార్పు ఎవరి కంటికిని కనబడలేదు. స్వదేశ రకమునకు 2004లో అమెరికానుస్ అను ఉపజాతి నామమిచ్చిరి.

తెలిసి చూచినచో రెంటికిని భేదములు కలవు. స్వదేశి కాడ నున్నగా, అడుగున ఎఱ్ఱనిఛాయతో ఉండును. ఆకుతొడుగులు సులభముగా రాలిపోవును. పరదేశి కాడ గరుకుగా, వెలిసిన రంగుతో ఉండును. ఎండినను తొడుగులు కాడను వదలవు. దాని కొమ్ములు త్వరగా సాగును, పిలకలు హెచ్చుగా వేయును, నత్రజని దొరికినకొలది మరింత బలియును.

అయితే దాని విజయమంతయు కొమ్ముల వలననే అనుకొనరాదు. చెసపీక్ అఖాతములో కలియు రోడ్ నది వద్ద పొదలను పరీక్షించి 2010లో ప్రకటించిన పరిశోధనలో పొదకు పొదకు వంశలక్షణములు వేరుగా కనబడినవి. క్రొత్త తావును పట్టునది ముఖ్యముగా విత్తు. పట్టిన తావును విస్తరించి నిలుపుకొనునది కొమ్ము. కావున ఉన్న పొదను నరికినంత మాత్రమున చాలదు, క్రొత్తగా మొలచు వానిని కూడ కనిపెట్టవలెను. తెగిన కొమ్ము ముక్కలు నీటిలో కొట్టుకొనిపోయి మరల చిగిర్చును గనుక త్రవ్వి పారవేయుటయు ప్రమాదమే.

కాడను తొలుచు యూరపు చిమ్మటలు రెండింటిని వదలుటకు 2019లో కెనడా అనుమతించినది. అవి స్వదేశ రకమునకు హాని చేయునా అను ప్రశ్న అప్పటికే పండితుల చర్చలో నున్నది. మందు చల్లువానికిని, కొడవలి పట్టినవానికిని ఇదే చిక్కు. రెంటిని గుర్తింపలేనివాడు పరదేశిని తొలగింపబోయి, మూడువేల ఏండ్లుగా ఆ నేలనే నమ్ముకొన్న స్వదేశిని రూపుమాపవచ్చును.

ఈ భేదము నేడు తెలియుచున్నదనగా, నూరేండ్లకు పూర్వము కొందరు సామాన్యమైన ఈ గడ్డిని కూడ అలక్ష్యము చేయక, ఎండబెట్టి కాగితమున కతికించి, తావును తేదీని వ్రాసియుంచుటయే కారణము.