తీసుకొచ్చినవాళ్లూ, తమంతట వచ్చినవాళ్లూ

మనసు బాగాలేని మనిషిని గురించి మన దేశంలో తొలి ఆధునిక చట్టం 1858లో వచ్చింది. లూనటిక్ అసైలం చట్టం దాని పేరు. ఆ చట్టం దృష్టిలో రోగి అంటే పోలీసులు పట్టితెచ్చినవాడు, లేదా బంధువు అర్జీ పెట్టి అప్పగించినవాడు. ‘నాకు బాగాలేదు, సాయం కావాలి’ అని తన కాళ్ల మీద తాను నడిచొచ్చే మనిషిని అది ఊహించలేదు. విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రికి మూలం ఆ కాలపు అసైలమే. నిజాం రాజ్యంలో అలాంటిది జాల్నాలో ఉండేది, 1950లలో హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. 1912 నాటి చట్టం స్వయంగా చేరతానన్నవాళ్లకు కొంచెం తలుపు తీసింది గానీ, దానికి ఆసుపత్రి పర్యవేక్షకుల్లో ఇద్దరి సమ్మతి కావాలి. ఎంతమంది అడిగి ఉంటారు?

ఈ నూట అరవై ఏళ్ల చరిత్రను నేను ఒకే ప్రశ్నతో చూస్తాను. సాయం కోసం వచ్చిన మనిషిని ఎవరు తీసుకొచ్చారు?

అసైలం గోడల బయట మామూలు కష్టాలు మామూలుగానే ఉన్నాయి. తాగుబోతు మొగుడు, అత్తింట్లో నోరెత్తలేని కోడలు, పెళ్లి చేస్తే కుదురుకుంటాడనుకున్న కొడుకు. వాటికి సోదె అడిగారు, తాయెత్తు కట్టించారు, గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలిచారు. కాకపోతే మేనమామలూ పెద్దమనుషులూ కూర్చుని పంచాయితీ చేశారు. ఆ పెద్దలకు బాధ్యత లేదని నేననను, ఎన్నో ఇళ్లను వాళ్లు నిలబెట్టారు. అయితే వాళ్లు కాపాడింది ముందుగా ఇంటి పరువును. అక్కడ తీర్పు చాలాసార్లు ‘సర్దుకుపో’ అన్న ఒక్క మాట. దాన్ని వినవలసింది ఎప్పుడూ ఆడపిల్లే.

మనస్తత్వశాస్త్రం చదువుగా 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టింది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ ఆ నగరంలోనే మనోవిశ్లేషణ సంఘం పెట్టి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపారు. తెలుగులో ఆ గాలి ముందు నవలకు తగిలింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1940లలోనే మనిషి లోపలి చిక్కుముళ్లను పాఠకుల ముందు పెట్టాయి. వాటిని విప్పేందుకు వెళ్లదగిన గది మాత్రం ఊళ్లో లేదు. 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ మొదలై, మరుసటి ఏడాది నుంచి క్లినికల్ సైకాలజిస్టులను తయారుచేయసాగింది. ఈనాటి నిమ్హాన్స్ అదే.

ఈ కథలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం అమృత్‌సర్‌లో జరిగింది. 1950లలో అక్కడి మానసిక ఆసుపత్రి కిక్కిరిసి ఉండేది. దాన్ని చూసే డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగి వెంట బంధువులనూ ఉండమన్నారు. తీసుకొచ్చి వదిలేసి వెళ్లే అలవాటున్న కుటుంబం మొదటిసారి అక్కడే ఉండి చూసింది, వింది, భయం పోగొట్టుకుంది. రోగిని ఇంటికి తీసుకెళ్లింది. ఆయన ఆ అనుభవాన్ని కాగితం మీద పెట్టింది చాలా తక్కువ. అయినా కుటుంబాన్ని చికిత్సలో భాగం చేయడానికి ఈ దేశానికి దారి చూపినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల బాగాయంలో తెరిచిన మానసిక ఆరోగ్య కేంద్రం కూడా రోగి పక్కన ఇంటివాళ్లు ఉండాలన్న పద్ధతినే పట్టింది. పక్కనున్న చిత్తూరు వైపు నుంచి వెళ్లే మనవాళ్లకు అది దగ్గరి ఊరే. ఇంటి గొడవలో ఒక్కరినే దోషిగా పట్టుకుంటే పని జరగదనీ, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు మౌనంగా మోస్తున్నారో చూడాలనీ కుటుంబ చికిత్స చెప్పే పాఠాన్ని ఆ గుడారాలు చేసి చూపించాయి.

ఇక తెలుగు ఇళ్లలో అసలు మార్పు ఆసుపత్రిలో మొదలుకాలేదని నా నమ్మకం. అది పత్రికలో మొదలైంది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ 1950ల నుంచి దశాబ్దాలపాటు నడిచింది. వంటా కుట్టూ అల్లికలతో పాటు మొగుడి అనుమానం, ఆడబిడ్డ ఆరడి, ఉద్యోగం చేయాలా వద్దా అన్న సందేహం అన్నీ అక్కడికి చేరాయి. ఆమె సైకాలజిస్టు కారు. అయినా ఒక గృహిణి ఎవరూ వెంటరాకుండా, ఎవరి అనుమతీ అడగకుండా తన బాధను తానే రాసి పోస్టు చేసింది. నా దృష్టిలో తెలుగునాట తమంతట వచ్చినవాళ్లలో మొదటివాళ్లు ఆ ఉత్తరాలు రాసిన స్త్రీలే. తర్వాత స్వాతి పత్రికలో డాక్టర్ సమరం పడకగది సందేహాలకు జవాబిచ్చారు. మెజీషియన్‌గా పేరు తెచ్చుకున్న బి.వి. పట్టాభిరామ్ హిప్నాటిజం మీదుగా కౌన్సెలింగుకు వచ్చి, ఆ మాటంటే బెరుకు తగ్గించారు.

ఉత్తరానికి ఒక పరిమితి ఉంది. జవాబు వచ్చాక ‘అలా కాదండీ, అసలు జరిగింది ఇదీ’ అని చెప్పుకునే వీలుండదు. సైకాలజిస్టు దగ్గర ఆ వీలే ప్రధానం. వారానికోసారి ముప్పావుగంటో గంటో కూర్చుని, అదే విషయాన్ని మరో వైపు నుంచి చెప్పుకోవచ్చు. ఆయన మందులు రాయరు, అది సైకియాట్రిస్టు పని. తీర్పూ చెప్పరు. ఇద్దరినీ కలిపి పంపడమే విజయంగా లెక్కవేసే పోలీసుస్టేషన్ రాజీకీ దీనికీ తేడా అదే. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం కౌన్సెలర్లకు చోటిచ్చింది గానీ, అక్కడా రాజీ మీదే చూపు. కొట్టే భర్త దగ్గరికి తిరిగి వెళ్లమని ఎవరు ఏ కుర్చీలోంచి చెప్పినా దాన్ని నేను సాయం అనను.

చట్టం మారడానికి ఒక ఘోరం జరగాల్సి వచ్చింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రమానికి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. అలాంటి చోట్లకు రోగులను ఎక్కువగా తెచ్చింది కుటుంబాలే. మోసగాళ్ల మాట నమ్మీ, అలసిపోయీ, వేరే దారి తెలియకా తెచ్చారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. తన చికిత్స గురించి తాను నిర్ణయించుకోగల శక్తి రోగికి ఉందనే భావించాలంది. 1858 నుంచి అక్కడికి రావడానికి ఇంతకాలం పట్టింది.

వెళ్లడానికి చోటు దొరకడం వేరే కష్టం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మామూలు కుంగుబాటు, ఆందోళనలతో బాధపడేవాళ్లలో 85 శాతం దాకా చికిత్స అందనివాళ్లే. 2022లో మొదలైన టెలి మానస్ ఫోన్ సేవకు 14416 నొక్కితే తెలుగులోనే మాట్లాడొచ్చు. డల్లాస్‌లోని దంపతులు హైదరాబాదు సైకాలజిస్టుతో వీడియోలో మాట్లాడుకుంటున్నారు. జిల్లా కేంద్రం దాటితే మాత్రం భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దొరకడం కష్టం. ఆ నమోదు లేకుండా బోర్డు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, కాబట్టి వెళ్లేముందు అర్హత అడగాలి.

2025 జులైలో, విశాఖలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మరణంపై విచారించిన సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది. మన జూనియర్ కాలేజీలకూ కోచింగ్ హాస్టళ్లకూ ఇది నేరుగా తగిలే మాట. ఆ ఒక్కరి జీతం యాజమాన్యమే ఇస్తుంది. పదిహేడేళ్ల పిల్ల తనంతట తలుపు తట్టి చెప్పుకున్నది ప్రిన్సిపాల్ చెవిన పడకుండా, మార్కుల కాగితంతో పాటు ఇంటికి చేరకుండా చూసే బాధ్యత ఎవరిదో ప్రతి కాలేజీలో తల్లిదండ్రులు ఇప్పుడే అడగాలి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.