ఆపత్కాలదానము: మహమ్మారినాఁటి ధర్మసంస్థల చరిత్రము

దానధర్మములనుగూర్చి మన పూర్వులు చేసిన విచారము మిక్కిలి విస్తారమైనది. సత్కార్యములను ఇష్టమనియుఁ బూర్తమనియు విభజించి, యజ్ఞాదులను మొదటిదానియందును, చెఱువులు, బావులు, సత్రములు, తోఁటలు మున్నగువానిని రెండవదానియందును జేర్చిరి. దానము చేయువాఁడు దేశమును, కాలమును, పాత్రమును బరీక్షింపవలెననిరి. ఈ మూఁటిలో దేశపాత్రములను మనము తఱచుగా విచారింతుము గాని కాలమును అంతగా విచారింపము. పంట యింటికి వచ్చిననాఁ డిచ్చిన పుట్టెడు ధాన్యమునకును, కఱవునాఁ డిచ్చిన మానెడు గింజలకును గల తారతమ్యము నెఱుఁగుటయే కాలవివేకము. 2020వ సంవత్సరమున లోకమునెల్ల నావరించిన కొరోనా మహమ్మారి యీ వివేకమును మనకు మఱల బోధించినది. ఆ సమయమున ధర్మసంస్థలకు ద్రవ్యమెట్లు సమకూడెను, అది యెవరి చేతులమీఁదుగాఁ బంచఁబడెను, ఎచ్చట లోపము గలిగెను అను విషయములను, ముఖ్యముగా బ్రిటను దేశమునందు జరిగినదానిని గైకొని, సంగ్రహముగా వివరించెదను. ఆ దేశమునకును మన కఱవులకును ఒక ప్రాఁత సంబంధము గలదు గనుక ముందుగా దానిని జెప్పవలెను.

పూర్వకథ

1866వ సంవత్సరపుఁ గఱవులో ఉయ్యాలవాడయందు బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెఱచి వేలకొలఁది అన్నార్తులను బోషించిరి. గోదావరీ లంకలలో డొక్కా సీతమ్మగారు వేళాపాళములు చూడక అతిథులకు అన్నము పెట్టిరి. ఇది గృహస్థధర్మము. ఇందు దాతయుఁ బుచ్చుకొనువాఁడును ఎదురెదుర నుందురు. మధ్యవర్తి లేఁడు, దరఖాస్తు లేదు, లెక్కల పుస్తకము లేదు. అయితే గాదె యెంత పెద్దదైనను దాని కొక యడుగు గలదు.

1876 మొదలు 1878 వఱకు మదరాసు రాజధానిని బీడించిన మహాక్షామమున బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు ఘోరముగా నష్టపడినవి. అప్పు డొక్క గృహస్థుని గాదె చాలదయ్యెను. 1877 ఆగస్టునెలలో మదరాసు పౌరులు సభచేసి లండను మేయరునకుఁ దంతివార్త పంపిరి. ఆయన నివాసమైన మాన్షన్‌హవుసు పేర నిధి యొకటి తెఱవఁబడెను. బ్రిటనునుండియు దాని వలసరాజ్యములనుండియు వచ్చిన చందాలను మదరాసునందలి కమిటీయు, దాని క్రింద జిల్లాలలో నేర్పడిన కమిటీలును బంచిపెట్టెను. ఆ ద్రవ్యములో అధికభాగము రైతులు మఱల సేద్యము మొదలిడుటకు వలయు విత్తనములకును, ఎడ్లకును, గుడిసెల మరమ్మతులకును వినియోగింపఁబడెను. ఇచ్చువాఁడు సముద్రమున కావల, పుచ్చుకొనువాఁడు రేనాటి పల్లెలో. నడుమ ఊరు తెలిసిన నలుగురు పెద్దలు. ఈ మూఁడంచెల పద్ధతియే 2020లో మఱల మఱల గనఁబడును.

ధర్మసంస్థలకే కలిగిన యాపద

కఱవునందు రైతునకుఁ బంట పోవును గాని ధర్మసంస్థకుఁ జందా పోదు. ఈ మహమ్మారియందు రెండును బోయెను. ఎట్లనఁగా, వ్యాధి యొకరినుండి యొకరికి సోఁకునది గనుక జనులు గుమికూడరాదని శాసించిరి. ధర్మసంస్థల రాఁబడియో, జనులు గుమికూడుటనుండియే పుట్టునది. బ్రిటనునందు 2020 మార్చి 23వ తేదిని గృహనిర్బంధము ప్రకటింపఁబడెను. పాతబట్టలు, పుస్తకములు అమ్మి సేవాకార్యములకు సొమ్ము గూర్చు దుకాణములు మూఁతపడెను. విందులు, కచ్చేరీలు, వేలములు నిలిచిపోయెను. 2019లో ఒక్కదినముననే 6 కోట్ల 64 లక్షల పౌనులు సేవాసంస్థలకు సమకూర్చిన లండను మారథాను పరుగు, 2020 ఏప్రిలు 26న జరుగవలసినది, వాయిదా పడెను. పండ్రెండు వారములలో ధర్మసంస్థలు 400 కోట్ల పౌనులకుఁ బైగా నష్టపడునని వాని ప్రతినిధిసంస్థ యంచనావేసెను. అన్నము, మందులు, పలుకరింపు కోరువారి సంఖ్య రెట్టింపగుచుండఁగా, ఇచ్చు చేతులే వట్టివయ్యెను. దీపము కావలసిన చీఁకటిలోనే నూనె యింకిపోవుట యనఁగా నిదియే.

ప్రభుత్వము చేసినది

2020 ఏప్రిలు 8వ తేదిని ఆర్థికమంత్రి ఋషి సునాకు ధర్మసంస్థలకై 75 కోట్ల పౌనుల సహాయమును బ్రకటించెను. అందు 36 కోట్లు ఆయా మంత్రిత్వశాఖలనుండి నేరుగా నియ్యఁదగినవి. అవసానదశయందలి రోగులను సాఁకు హాస్పీసులకు ఇందే భాగము గలదు. 37 కోట్లు చిన్న, మధ్యతరగతి సంస్థలకు నుద్దేశింపఁబడినవి. ఈ రెండవ భాగమును బంచుట గొప్ప చిక్కు. వేలకొలఁది చిన్నసంస్థల మంచిచెడ్డలు మంత్రికార్యాలయమునకుఁ దెలియవు. కావున ఇంగ్లండున 20 కోట్లను జాతీయ లాటరీ సమాజనిధికి నప్పగించిరి. ఏటేట పల్లెపల్లెకును చిన్నచిన్న గ్రాంటు లిచ్చుచుండు ఆ సంస్థకు దరఖాస్తులను బరిశీలించు యంత్రాంగము ముందే గలదు. ఆపద వచ్చిన పిమ్మట కాలువ త్రవ్వక, ఉన్న కాలువలోనికే నీరు వదలిరి.

ఏప్రిలు 23వ రాత్రి బీబీసీవారు టెలివిజనులో వినోదకార్యక్రమము నడిపి 2 కోట్ల 70 లక్షల పౌనులు సేకరించిరి; ప్రజ లిచ్చినదానికి సమానముగా ప్రభుత్వమును జమకట్టెను. మారథాను నిలిచిన దినముననే, ఎవరియింట వారుండి తోఁచిన వ్యాయామమో వినోదమో చేసి చందా గూర్చుఁడని పిలుపిచ్చిరి. అందు కోటి పది లక్షలకుఁ బైగా వచ్చెను. పోయినదానిలో అది యాఱవవంతు మాత్రమే యైనను వట్టి చేతులకంటె మేలు.

ప్రజలు చేసినది

2017లో మాంచెస్టరు, లండను నగరములలో జరిగిన ఘోరదుర్ఘటనల సమయమున పలువురు పలునిధులు తెఱచుటచే బాధితు లెక్కడికిఁ బోవలెనో యెఱుఁగక తికమకపడిరి. ఆ యనుభవముచే, దేశమంతటికి నొక్కటే పిలుపు, ఒక్కటే నిధి యుండవలెనని 2019 నవంబరులో జాతీయ ఆపత్కాల ధర్మనిధి స్థాపింపఁబడెను. నాలుగునెలలకే దాని కగ్నిపరీక్ష వచ్చెను. 2020 మార్చి 18న అది పిలుపిచ్చి, తుదకు ఇంచుమించు పదికోట్ల పౌనులు గూర్చెను. ఆ ద్రవ్యమును తానే పంచక, దేశమందలి 46 స్థానిక సమాజనిధుల ద్వారమునఁ బంపెను. మన మాన్షన్‌హవుసు నిధికి జిల్లా కమిటీ లెట్టివో దీనికి స్థానికనిధు లట్టివి.

లండనునందు మఱియొక మంచి యేర్పాటు జరిగెను. గ్రాంటులిచ్చు సంస్థలు అఱువదికిఁ బైఁబడి యేకమై, దరఖాస్తు ఫారము నొక్కటిగాఁ జేసిరి. అడుగువాఁ డొకమాఱు వ్రాసిన చాలును. ఇచ్చువారే తమలోఁ బంచుకొందురు. ఇంతకుముందు గ్రాంటు పొందియున్న సంస్థలకు సైతము, నివేదిక యాలస్యమైనను ఫరవాలేదనియు, ఒక పద్దుక్రింద నిచ్చిన సొమ్మును మఱియొక పద్దునకు మార్చుకొనవచ్చుననియు మూఁడువందలకుఁ బైఁబడిన దాతృసంస్థలు వాగ్దానము చేసెను. ఇది చూచుట కల్పవిషయము, ఫలము గొప్పది. నాటకము నేర్పుట కిచ్చిన సొమ్ముతో ముసలివారింటికిఁ గూరగాయలు మోయించుటకు వీలు గలిగినది.

వ్యక్తులలో తామస్ మూరు అను విశ్రాంత సేనానిపేరు లోకవిఖ్యాతము. రెండవ ప్రపంచయుద్ధమున భారతదేశమునందును బర్మాయందును బనిచేసిన యీ వృద్ధుఁడు, ఏప్రిలు 30న తనకు నూఱేండ్లు నిండులోపల నూఱుమాఱులు తన తోఁటలో నడచి వేయి పౌనులు గూర్తునని ఏప్రిలు 6న నడక మొదలిడెను. ప్రజ లిచ్చినది 3 కోట్ల 20 లక్షల పౌనులను మించెను. అది వైద్యశాలల సేవానిధులకుఁ జేరెను. ఆయన 2021 ఫిబ్రవరి 2న పరమపదించెను.

ఈ కథ కొక విషాదాంతము గలదు. ఆయనపేరఁ గుటుంబమువారు పిమ్మట స్థాపించిన వేఱొక ధర్మసంస్థను ధర్మసంస్థల నియంత్రణాధికారులు విచారించి, స్వలాభమునకును ధర్మకార్యమునకును నడుమ నుండవలసిన హద్దు చెఱిపివేయఁబడెననియు, నిర్వహణమున అక్రమములు జరిగెననియు 2024 నవంబరులో నివేదిక ప్రకటించిరి. వైద్యశాలలకుఁ జేరిన సొమ్మున కీ దోష మంటలేదు. అయినను ఒక పుణ్యపురుషుని పేరు మఱకపడినది. త్వరగా నిచ్చుట యెంత ముఖ్యమో, తీఱికగా లెక్క చూచుటయు నంత ముఖ్యమని దీనివలనఁ దెలియవలెను.

మఱియొక లోపమును జెప్పక విడువరాదు. నల్లజాతివారును ఆసియావారును నడుపు చిన్నసంఘములలోఁ బదింట తొమ్మిది, మూఁడునెలలు గడచిన మూఁతపడు ప్రమాదమున నున్నవని 2020 ఏప్రిలులోనే యొక పరిశీలనము దెలిపెను. వ్యాధి యా జనులనే యెక్కువగాఁ జంపుచుండెను. గ్రాంటు లిచ్చువారితో ముందే పరిచయము గలవారికి సొమ్ము త్వరగా నందుచుండెను. తరువాతి విడతలలో వీరికై ప్రత్యేకనిధు లేర్పఱుపవలసివచ్చెను. పరిచయమే పాత్రత యగునప్పుడు దానము దారి తప్పును.

మన దేశమునందు

2020 మార్చి 25న భారతదేశమంతటను నిర్బంధ మారంభమయ్యెను. పొట్టకూటికై నగరములు చేరినవారు కాలినడకను స్వగ్రామములకు మరలిరి. మార్చి 27న పీఎం కేర్స్ నిధి స్థాపితమయ్యెను. మార్చి 31తో ముగిసిన సంవత్సరపు లెక్కలో, అనఁగా అయిదే దినములలో, దానికి 3,076 కోట్ల రూపాయలు జమపడెను. కంపెనీలు దాని కిచ్చిన విరాళము చట్టప్రకారము వ్యయింపవలసిన సామాజికబాధ్యతా ద్రవ్యముగాఁ బరిగణింపఁబడుననియు, ముఖ్యమంత్రుల సహాయనిధుల కిచ్చినది అట్లు పరిగణింపఁబడదనియు కేంద్రప్రభుత్వము వివరణ మిచ్చెను. కావున పెద్దవిరాళములు సహజముగా ఢిల్లీవైపునకే పాఱెను.

ఆ సెప్టెంబరులో విదేశీవిరాళముల చట్టము సవరింపఁబడెను. ఒక సంస్థ పొందిన విదేశీవిరాళమును మఱియొక సంస్థకు బదలాయింపరాదనియు, పరిపాలనవ్యయము నూటికి 50 కాక 20కి మించరాదనియు నిబంధన లేర్పడెను. దుర్వినియోగమును నివారించుటకే యివి యని ప్రభుత్వమువారి వాదము. ఆ భయము నిరాధారమని చెప్పఁజాలము. అయితే నగరమందలి పెద్దసంస్థ పొందిన సొమ్మును పల్లెయందలి చిన్నసంస్థకుఁ బంపు త్రోవ యిందుచే మూసికొనిపోయెను. బ్రిటను ఏ కాలువగుండ నీరు పాఱించెనో, ఆ కాలువకే మనమిచ్చట గట్టు వేసికొంటిమి. 2021 వేసవిలో రెండవతరంగము వచ్చినప్పుడు, విదేశములందలి తెలుఁగువారు ప్రాణవాయుయంత్రములు పంపి యెంతయో మేలుచేసిరి; వారి సొమ్ము చిన్నసంస్థలకుఁ జేరుట మాత్రము దుర్ఘటమయ్యెను.

మనము గ్రహింపవలసినది

సోదరులారా, దాతలారా! ఈ చరిత్రము పరదేశపు వింతగాఁ జదివి మఱచునది గాదు. మనవంటి సంఘము లన్నియు వసతిగృహములు, విద్యార్థివేతనములు, కల్యాణమండపములు అను పూర్తధర్మములపై నిలిచినవి. గదికిఁ బేరు చెక్కించు దాత దొరకును. వంటవాని జీతమునకు దాత దొరకుట యరుదు. వసతిగృహము మూఁతపడిననాఁడు గదులు పస్తుండవు, వంటవాఁడు పస్తుండును. కావున ఏ పద్దునకును గట్టుపడని యాపన్నిధి యొకటి ప్రతిసంఘమునకు నుండవలెను. ఆపద కలిగినప్పుడు సర్వసభ్యసభకై కాచుకొనక దానిని వ్యయించుటకు ముగ్గురు నలుగురు పెద్దలకు ముందే యధికార మియ్యవలెను. ఆఱునెలలలోపల ప్రతిరూపాయికి లెక్క తనిఖీచేయించి యచ్చువేయవలెను. పంచుట వీధి తెలిసినవారిచేతఁ జేయింపవలెను.

కడపటి మాట యొకటి. సంఘమన స్వజనులయెడ బాధ్యత, అది న్యాయమే. కాని మహమ్మారి యెవరి గోత్రమును అడుగలేదు. పక్కవీధివాఁడు మన జాబితాలో లేఁడని వాని యింట పొయ్యి వెలుఁగకున్న, ఆ యాపద రేపు మన గుమ్మమునకే వచ్చును. మన యాపన్నిధిలోఁ గొంతభాగ మైనను, పేరడుగక, కులమడుగక యిచ్చుటకు మీసకట్టి యుంచినచో, ఆ దానమున కాలమును, దేశమును, పాత్రమును మూఁడును గుదురును. ఈ మహాసభ యీ విషయమును దీర్మానరూపమున విచారించునని నమ్ముచున్నాఁడను.

సర్వే జనా స్సుఖినో భవంతు.