తెలియకపోవడానికి విలువ ఎంత? ‘మైసిన్’ వైద్యతర్కం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సంప్రదాయ తర్కంలో ప్రతి వాక్యమూ సత్యమో అసత్యమో కావాలి. వైద్యుడికి ఆ వెసులుబాటు లేదు. పరీక్షల ఫలితాలు పూర్తిగా రాకముందే అతడు మందు నిర్ణయించవలసి వస్తుంది. ఈ స్థితికి తగిన తర్కాన్ని కంప్యూటర్‌కు అందించడానికి 1970వ దశకంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ‘మైసిన్’ రూపొందింది. ఆ సందర్భంలో వైద్యనిపుణులు లేవనెత్తిన ఒక అభ్యంతరం అనిశ్చయ తర్కాల చరిత్రలో ఎంత కీలకమో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిపుణుల అభ్యంతరం

మైసిన్ బాక్టీరియా సంక్రమణలను గుర్తించి, తగిన యాంటీబయాటిక్‌ను సూచిస్తుంది. సూక్ష్మజీవి గ్రామ్ పాజిటివ్ అయి, గోళాకారంలో ఉండి, గొలుసులుగా పెరిగితే అది స్ట్రెప్టోకాకస్ అనడానికి 0.7 మేరకు ఆధారం ఉందని అందులోని ఒక నియమం. సంభావ్యతా గణితం ప్రకారం, మిగిలిన 0.3 అది స్ట్రెప్టోకాకస్ కాదనే పక్షానికి చెందాలి. నిపుణులు మొదటి సంఖ్యను అంగీకరించి, రెండవదాన్ని నిరాకరించారు. ఆ లక్షణాలు నిర్ణయాన్ని బలపరుస్తున్నాయే గాని, దానికి వ్యతిరేకంగా ఏమీ చెప్పడం లేదు. ఆధారం లేకపోవడం వేరు, వ్యతిరేకాధారం ఉండటం వేరు.

ఈ భేదాన్ని పాటిస్తూ 1975లో షార్ట్‌లిఫ్, బుకానన్ విశ్వాసాన్నీ అవిశ్వాసాన్నీ విడివిడిగా కొలిచి, మొదటిదాని నుంచి రెండవదాన్ని తీసివేయగా వచ్చేదాన్ని ‘నిశ్చయ గుణకం’గా ప్రతిపాదించారు.

3. పరిమితి, పరిణామం

ఈ పద్ధతిలో 0.7, 0.4 బలం గల రెండు ఆధారాలు కలిస్తే 0.82 అవుతుంది. అవి రెండూ ఒకే మూలం నుంచి వచ్చినా లెక్క మారదు. ఒకే సాక్షి మాటను రెండుసార్లు నమోదు చేసినట్లవుతుంది. ఇందులో దాగి ఉన్న స్వతంత్రతా భావనను 1976లో ఆడమ్స్ బయటపెట్టారు. ఆధారాల పరస్పర సంబంధాలను స్పష్టంగా చూపే బేయీసియన్ నెట్‌వర్కులను 1988లో జూడియా పెర్ల్ తన గ్రంథంలో సమగ్రంగా వివరించారు. నిపుణుల అభ్యంతరానికి సమాధానం మాత్రం మరో దారిలో ఉంది. 1976లో వెలువడిన గ్లెన్ షేఫర్ గ్రంథం ఏ పక్షానికీ చెందని భాగాన్ని తెలియనిదిగానే ఉంచింది.

4. ముగింపు

మైసిన్ ఆసుపత్రుల నిత్యవైద్యంలోకి రాలేదు. దాని గణితం లోపభూయిష్టమే. అంతమాత్రాన నిపుణుల అభ్యంతరాన్ని గణితం తెలియనితనంగా కొట్టివేయలేము. ఒక యంత్రం 0.5 అని చెప్పినప్పుడు ఆధారాలు సమానంగా ఉన్నాయా, అసలు లేవా అన్నది ఆ సంఖ్య ఒక్కటే తెలుపదు. మొదటి సందర్భంలో ఉన్న ఆధారాలనే మళ్లీ తూచాలి. రెండవ సందర్భంలో ముందు మరో పరీక్ష చేయించాలి. రోగి క్షేమం ఆ తేడాపై ఆధారపడి ఉంటుంది.