లారీ ఎక్కలేకపోయిన టమాటా

"నా మెషీన్లో బానే పనిచేస్తోందే!" అనే డైలాగు మన ఫీల్డులో వినని వాళ్ళుండరు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం సాఫ్ట్‌వేర్ నుంచి కాదు, కూరల బుట్టలోంచి.

అమెరికాలో దూరం పంపే టమాటాల్ని చాలావరకు పచ్చిగా, గట్టిగా ఉన్నప్పుడే కోసేస్తారు. అలాగైతే యంత్రాల మీద దొర్లించినా, లారీలో రోజుల తరబడి కుదిపినా అంతగా చితకవు. తర్వాత ఇథిలీన్ గ్యాసు పట్టించి ఎర్రబరుస్తారు. మనం మామిడికాయల్ని గడ్డిలో మాగేసినట్టే అనుకోండి. కాకపోతే వాటికి రంగొచ్చినంతగా రుచి రాదు.

డేవిస్ (కాలిఫోర్నియా)లోని కాల్‌జీన్ కంపెనీ దీని సంగతి తేల్చేద్దామనుకుంది. పండు మెత్తబడడానికి కారణం పాలీగాలాక్టురొనేజ్ అనే ఎంజైమని అప్పటి నమ్మకం. ఆ జన్యువు నోరు నొక్కేస్తే కాయని చెట్టునే పండనిచ్చి, రుచితో సహా లారీ ఎక్కించొచ్చు. ఐడియా అదిరింది కదా! 1994 మేలో ఎఫ్‌డీఏ సరేనంది. 'ఫ్లేవర్ సేవర్' టమాటా అమెరికా దుకాణాల్లోకి వచ్చేసింది.

ల్యాబులో లెక్క ప్రకారం ఎంజైము దాదాపు మాయమైంది. పండు కుళ్ళడమూ ఆలస్యమైంది. కానీ గట్టిదనం మాత్రం అనుకున్నంత రాలేదు! పచ్చికాయల కోసం చేసిన ప్యాకింగ్ యంత్రాలకి, లారీ కుదుపులకి తట్టుకోలేకపోయింది. సుతారంగా పంపుదామంటే ఖర్చు. 1997కల్లా ఆ టమాటా కథా ముగిసింది, కంపెనీ మోన్‌శాంటో చేతికీ పోయింది. జనం వ్యతిరేకత వల్లే మూతపడిందంటారు గానీ, అంతకన్నా పెద్ద దెబ్బ ఈ రవాణా ఖర్చులదే.

తమాషా ఏంటంటే, అదే జన్యువుని అణిచిన టమాటాలతో జెనెకా కంపెనీ 1996లో బ్రిటన్‌లో పేస్టు డబ్బాలు అమ్మితే కొన్నేళ్ళపాటు బాగానే పోయాయి. ఎలాగూ నలిపే పండుకి నలుగుతుందన్న భయమేముంటుంది?

గట్టిదనంలో పెక్టేట్ లయేజ్ అనే ఇంకో ఎంజైముది పెద్ద పాత్రని 2016లో తేలింది. సైన్సు తప్పటడుగులు వేయడం మామూలే, దానికి నేనేమీ అనను. కానీ ఎంజైము ఎంత తగ్గిందో చూసుకుని పండు గట్టిపడిందనుకోవడమే నాకు మింగుడుపడదు. మనం కూడా టెస్టు కేసులన్నీ పచ్చగా వెలిగితే చాలు, పనైపోయిందనుకుంటాం. చివరికి వాడుకునేవాడి చేతికి చేరేది చితికిన పండే అయితే ఆ పచ్చరంగుని ఏం చేసుకుంటాం చెప్పండి?