తారు, నీళ్లు కలుస్తాయా? కట్టెలోని లిగ్నిన్ చేసే పని ఇదే..!

రోడ్డు వేసే చోటికి వెళ్తే ముందు తగిలేది సెగ, పొగ. కంకరలో తారు కలపాలంటే దాదాపు 150 డిగ్రీల దాకా వేడి చేయాలి. ఇంధనం ఖర్చు ఒకెత్తు, పక్కనే నిలబడి పనిచేసే కూలీల కష్టం ఇంకో ఎత్తు. సైట్‌లో ఈ వేడి లేకుండా తారు వాడే పద్ధతి ఉంది. అదే బిటుమెన్ ఎమల్షన్.

ఎమల్షన్ అంటే ఏంటి?

పాలనే చూడండి. అందులో కొవ్వు, నీళ్లు రెండూ ఉన్నా వెంటనే విడిపోవు. కొవ్వు బొట్ల చుట్టూ ప్రోటీన్ల పొర ఉంటుంది కాబట్టి. ఇక్కడా అంతే. ప్లాంట్‌లో వేడి తారుని కొన్ని మైక్రాన్ల బొట్లుగా చేసి నీళ్లలో కలుపుతారు. ఆ బొట్లు మళ్లీ ముద్ద కట్టకుండా ఆపేదే ఎమల్సిఫైయర్. దీని వాటా సాధారణంగా 2 శాతం లోపే.

లిగ్నిన్ ఎక్కడిది?

కట్టెకి గట్టిదనం ఇచ్చే సహజ పాలిమర్ ఇది. పేపర్ మిల్లులో గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రవంలో ఉంటుంది. ఎక్కువ భాగం బాయిలర్‌లోనే మండించేస్తారు. దీనికి అమైన్ కలిపి మారిస్తే తారు బొట్లకి పాజిటివ్ చార్జ్ వస్తుంది. తడి గ్రానైట్ కంకరది నెగెటివ్ చార్జ్. దాంతో తారు రాయిని పట్టేసుకుంటుంది, నీళ్లు పక్కకి తప్పుకుంటాయి.

మరి ఇబ్బందేంటి?

లిగ్నిన్‌తో చేసిన ఎమల్షన్లు నిదానంగా సెట్ అవుతాయి. సన్న రాతిపొడితో కలపడానికి, పాత రోడ్డుపై పల్చగా పిచికారీ చేయడానికి అది ప్లస్సే. కానీ సెట్ కాకముందే వాన పడితే కొట్టుకుపోతుంది. పైగా మిల్లు మారితే లిగ్నిన్ గుణం కూడా మారుతుంది. ముడి చమురు నుంచి వచ్చే తారు అవసరమూ తీరిపోదు.

నాగ్‌పూర్ రోడ్డు కూడా ఇదేనా?

కాదు. 2024 డిసెంబర్‌లో నాగ్‌పూర్-మన్సర్ బైపాస్‌పై ప్రారంభించింది లిగ్నిన్ ఆధారిత బయో బిటుమెన్ రోడ్డు. అక్కడ కొంత తారుకి బదులుగానే లిగ్నిన్ వాడారు. అది ఎన్‌హెచ్-44. మన ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా వెళ్లే హైవే అదే.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కొత్తగా పిచికారీ చేసిన రోడ్డు ఇంకా గోధుమ రంగులో కనిపిస్తే తారు సెట్ కానట్టే. నల్లబడి, పూర్తిగా ఆరేదాకా బండి ఎక్కించొద్దు.